తర్కం నేర్చిన ఏజెంటు



టమాటా బాక్సులు మండీకి తోలిన రైతు రోజంతా అక్కడే కూర్చోలేడు. ఏజెంటుకు ఒక మాట చెప్పి ఊరికి తిరిగి వస్తాడు. "ధర పలికితే అమ్మెయ్యి. పడిపోతే మధ్యాహ్నం దాకా చూడు. సాయంత్రానికి మాత్రం సరుకు మిగల్చవద్దు" అంటాడు. చెప్పింది మూడు ముక్కలే. వాటి వెనుక ఏజెంటు చేయవలసిన ఆలోచన మాత్రం చాలా ఉంది. ఏది మంచి ధర? ఈ రోజు ఎన్ని లారీలు వచ్చాయి? మధ్యలో వాన పడితే ఏం చేయాలి? ఇవన్నీ అతను తనంతట తానే తేల్చుకోవాలి. సాయంత్రం రైతు వచ్చి "ఆ ధరకెందుకు ఇచ్చావయ్యా?" అని అడిగితే జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే మరుసటి వారం ఆ రైతు ఇంకో మండీ చూసుకుంటాడు.

కంప్యూటర్ శాస్త్రంలోనూ ఏజెంటు అన్న మాటకు అర్థం దాదాపు ఇదే. ప్రతి అడుగూ ఎవరో చెప్పకపోయినా, చుట్టూ జరిగేది గమనించి, అప్పగించిన పని కోసం తానే నిర్ణయం తీసుకునే ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ ఏజెంటు అంటారు. ఆ నిర్ణయాన్ని తర్కశాస్త్ర సూత్రాల్లో పెట్టడానికి అరవై ఏళ్లకు పైగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ ప్రయత్నాల కథే ఈనాటి ప్రసంగం.

తర్కం మనకు కొత్త విద్య కాదు. సుమారు 17వ శతాబ్దంలో ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్ళి స్థిరపడిన అన్నంభట్టు "తర్కసంగ్రహం" అనే చిన్న గ్రంథం రాశాడు. న్యాయశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థులు నేటికీ ముందుగా చదివేది దాన్నే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం అందులోని ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ గ్రంథం అనుమానాన్ని రెండు రకాలుగా విడదీస్తుంది. తనకోసం తాను చేసుకునేది స్వార్థానుమానం. ఎదుటివాడికి నచ్చజెప్పడానికి చేసేది పరార్థానుమానం. తనకోసమైతే పొగ చూసి నిప్పు ఉందనుకుంటే చాలు. ఎదుటివాడికి చెప్పేటప్పుడు మాత్రం ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు మెట్లూ ఎక్కి చూపించాలి. ఈ తేడాను శ్రోతలు కాస్త గుర్తుంచుకోవాలి. ప్రసంగం చివర దీనితో పని ఉంది.

ఇక పడమటి దేశాల సంగతి. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తర్కానికి నియమాలు కట్టడమే కాక ఇంకో మాట కూడా అన్నాడు. కొన్ని తర్కాల చివర వచ్చేది వాక్యం కాదు, పని అన్నాడు. చలికి కప్పుకోవడానికి ఏదైనా కావాలి, దుప్పటి అందుకు పనికివస్తుంది, కాబట్టి దుప్పటి సంపాదించాలి అనుకున్నవాడు అక్కడితో ఆగడు, లేచి వెళతాడు. ఆలోచన పనిగా మారే ఈ చోటే మన కథకు కేంద్రం. తర్వాత 1854లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంలా రాసి చూపించాడు. 1879లో జర్మనీలో ఫ్రేగె దానికి ఇంకా విస్తృతమైన సంకేతభాషను తయారుచేశాడు. తర్కాన్ని గుర్తులతో రాయగలిగిన తర్వాత, ఆ గుర్తులను యంత్రంతో కదిలించవచ్చనే ఆలోచన రావడం సహజమే.

1958 నవంబరులో ఇంగ్లండులోని టెడింగ్టన్‌లో ఒక సమావేశం జరిగింది. ఆలోచనను యాంత్రికంగా చేయడం ఎలాగన్నది దాని విషయం. అమెరికా నుంచి వచ్చిన జాన్ మెకార్తీ అక్కడ ఒక పత్రం చదివాడు. "సలహా స్వీకరించే ప్రోగ్రాము" అనే ఊహను అందులో ముందుకు తెచ్చాడు. యంత్రానికి ఎలా చేయాలో అంచెలంచెలుగా చెప్పనక్కరలేదు, తెలిసిన విషయాలను తర్కవాక్యాలుగా ఇస్తే ఏం చేయాలో అదే తేల్చుకుంటుందన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా మామూలుది. నేను ఇంట్లో బల్ల దగ్గర ఉన్నాను. కారు ఇంటి దగ్గర ఉంది. విమానాశ్రయానికి వెళ్ళాలి. నడిచి కారు దగ్గరికి వెళ్ళవచ్చు, కారులో విమానాశ్రయానికి వెళ్ళవచ్చు. ఈ నాలుగైదు వాక్యాల నుంచి ముందు కారు దగ్గరికి నడవాలి అన్న నిర్ణయం రావాలి.

సభలో తర్కవేత్త బార్-హిల్లెల్ లేచి దీన్ని గట్టిగా విమర్శించాడు. ఇవి ఇంకా పండని ఆలోచనలన్నాడు. చెప్పకుండా వదిలేసిన విషయాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయన్నది ఆయన అభ్యంతరం. ఆ విమర్శలో పస ఉందని తర్వాతి ముప్పై ఏళ్ల చరిత్ర నిరూపించింది. మెకార్తీ దారిలో కూడా పస ఉందని అదే చరిత్ర చెబుతుంది.

ఇక్కడ మన సరిహద్దు జిల్లాలకు చెందిన ఒకరి పేరు చెప్పుకోవాలి. ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇదే మెకార్తీ దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేటు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి లభించింది. అయితే తర్కవాది శిష్యుడైన రెడ్డిగారు ఎంచుకున్న సమస్య మనిషి మాటను యంత్రానికి వినిపించడం. చెవిన పడే ధ్వని ఎప్పుడూ కచ్చితంగా ఉండదు. ఏ పదం కావడానికి ఎంత అవకాశం ఉందో తూచి చూడాలి. తర్కం ఒక్కటే చాలదు, సంభావ్యతల లెక్క కూడా కావాలి అన్న సంగతి ఆ రంగంలో తొందరగానే తెలిసివచ్చింది.

తర్కం దారిన వెళ్ళినవారికి మూడు పెద్ద అడ్డంకులు వరుసగా ఎదురయ్యాయి.

మొదటి అడ్డంకికి 1969లో మెకార్తీ, పాట్రిక్ హేస్ కలిసి పేరు పెట్టారు. దాన్ని ఫ్రేమ్ ప్రాబ్లమ్ అంటారు, చట్రం సమస్య అని చెప్పుకుందాం. ఒక పని చేస్తే ఏం మారుతుందో చెప్పడం తేలిక. ఏం మారదో చెప్పడమే కష్టం. యంత్రం ఒక పెట్టెను ఈ గదిలోంచి ఆ గదిలోకి తోసింది. పెట్టె చోటు మారింది. గోడ రంగు మారలేదు, దీపం ఆరలేదు, తలుపు మూసుకోలేదు. ఇవన్నీ మనకు చెప్పనక్కరలేదు. తర్కానికి మాత్రం చెప్పకపోతే తెలియదు. వంద రకాల పనులు, వంద రకాల విషయాలు ఉన్నచోట ఇది మారదు, అది మారదు అంటూ పదివేల వాక్యాల దాకా రాయవలసి వస్తుంది. ఆ వాక్యాల కుప్పలో యంత్రం అడుగు కూడా వేయలేదు.

దీనికి పనికివచ్చే ఉపాయం కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికింది. అక్కడ 1966 నుంచి 1972 దాకా షేకీ అనే చక్రాల రోబోను తయారుచేశారు. కదిలేటప్పుడు వణికేది కాబట్టి ఆ పేరు పెట్టారు. దాని కోసం రిచర్డ్ ఫైక్స్, నిల్స్ నిల్సన్ 1971లో స్ట్రిప్స్ అనే పద్ధతి ప్రచురించారు. ప్రతి పనికీ మూడు పట్టికలు ఉంటాయి. ఆ పని చేయడానికి ముందు ఉండవలసినవి ఒకటి, చేశాక కొత్తగా చేరేవి ఒకటి, పోయేవి ఒకటి. పట్టికలో లేనిది మారనట్టే లెక్క. మన కిరాణా కొట్టు పద్దు కూడా ఇలాగే ఉంటుంది కదా. షావుకారు వచ్చిన సరుకు, పోయిన సరుకు రాసుకుంటాడు. మూల కదలకుండా ఉన్న బస్తా గురించి రోజూ రాయడు. పని చేయించడానికి ఇది చక్కని ఏర్పాటు. కానీ సమస్యను తర్కంలోనే పరిష్కరించినట్టు కాలేదు, పక్కకు తప్పించినట్టయింది.

రెండవ అడ్డంకి నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం. సరిహద్దు దాటే బస్సు రోజూ ఉదయం ఆరింటికి వస్తుంది కాబట్టి రేపూ వస్తుందనుకుని మూట సర్దుకుంటాం. రాత్రి రేడియోలో బంద్ వార్త వినగానే మూట విప్పేస్తాం. మనకిది మామూలు వ్యవహారం. సంప్రదాయ తర్కంలో ఇది కుదరదు. అక్కడ ఒకసారి రుజువైనది ఎన్ని కొత్త విషయాలు తెలిసినా చెక్కుచెదరదు. గణితానికి అది బలం, నిత్యజీవితానికి అదే లోపం. ఈ లోపాన్ని సరిచేసే కొత్త తర్కాలు 1980లో "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" అనే పత్రిక ప్రత్యేక సంచికలో ఒక్కసారిగా వెలువడ్డాయి. మెకార్తీ ఒక పద్ధతి, రేమండ్ రైటర్ ఇంకొకటి, డ్రూ మెక్‌డెర్మట్, జాన్ డాయిల్ కలిసి మరొకటి ప్రతిపాదించారు. వీటన్నింటి సారం ఒకటే. వేరే సమాచారం లేనంతవరకు ఇలా అనుకో, వస్తే మార్చుకో.

ఇది కేవలం పండితుల ముచ్చట కాదని ఒక చట్టం చూపించింది. బ్రిటన్ 1981లో పౌరసత్వ చట్టం చేసింది. లండన్ ఇంపీరియల్ కళాశాలలో రాబర్ట్ కొవాల్‌స్కీ, మారెక్ సెర్గాట్, వారి సహచరులు ఆ చట్టాన్ని ప్రోలాగ్ భాషలో తర్కవాక్యాలుగా రాసి 1986లో ప్రచురించారు. ప్రోలాగ్ అంటే 1972 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో అలెన్ కోల్మెరోయర్ బృందం తయారుచేసిన తర్కభాష. దాని వెనుక కొవాల్‌స్కీ ఆలోచన కూడా ఉంది. ఆ పౌరసత్వ చట్టంలో ఒక నిబంధన ఉంది. దేశంలో ఎవరో వదిలిపెట్టిన పసిబిడ్డ దొరికితే, అందుకు విరుద్ధమైన సాక్ష్యం చూపనంతవరకు, ఆ బిడ్డ అక్కడే అర్హత గల తల్లిదండ్రులకు పుట్టినట్టు భావించాలి. వేరే సమాచారం వచ్చేదాకా ఇలా అనుకో అన్న తర్కమే అచ్చంగా చట్టంలో కనిపించింది. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ ప్రోగ్రాము ఒక వ్యక్తి పౌరుడు అవునో కాదో తేల్చడంతో ఆగదు. ఏ సెక్షను ప్రకారం, ఏ ఆధారం మీద తేల్చిందో అంచెలవారీగా చెప్పగలదు. ఏ రాష్ట్రంవారో, ఏ భాషవారో, ఎన్నేళ్లుగా ఉంటున్నారో రుజువు చేసుకోవడానికి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగిన అనుభవం మన శ్రోతల్లో చాలామందికి ఉండే ఉంటుంది. కాగితం మీద "తిరస్కరించడమైనది" అన్న ఒక్క ముక్కకూ, ఫలానా కారణం చేత అన్న జవాబుకూ ఉన్న దూరం వారికి వేరే చెప్పనక్కరలేదు.

మూడవ అడ్డంకి అన్నింటికంటే లోతైనది. తెలిసిన విషయాలు ఉన్నాయి, కోరికలు ఉన్నాయి. అయినా ఎంతసేపని ఆలోచించాలి? ఒకసారి నిశ్చయించుకున్నాక ఎంతవరకు దానికి కట్టుబడాలి? ప్రతి నిమిషం మళ్ళీ మొదటినుంచి ఆలోచించేవాడు ఇల్లు కదలడు. ఒక్కసారి అనుకున్నది ఎప్పటికీ మార్చుకోనివాడు గోతిలో పడతాడు.

దీనికి సమాధానం కంప్యూటర్ శాస్త్రం నుంచి రాలేదు, తత్వశాస్త్రం నుంచి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం బోధించే మైకేల్ బ్రాట్‌మన్ 1987లో ప్రచురించిన పుస్తకంలో సంకల్పం అనేది కోరికకు మరో పేరు కాదని వాదించాడు. కోరికలు ఎన్నయినా, ఒకదానికొకటి పొసగకపోయినా ఉండవచ్చు. సంకల్పం అలా కాదు. సంకల్పించుకున్నవాడు ఆ పనికి మార్గం వెతకాలి, దానికి అడ్డువచ్చే ఇతర ఆలోచనలను పక్కన పెట్టాలి. మన ఇళ్లలో పూజకు కూర్చున్నప్పుడు ముందుగా సంకల్పం చెప్పుకుంటాం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం చేయబోతున్నారో పలికిన తర్వాతే పని మొదలవుతుంది. ఆ మాటలోని బరువే బ్రాట్‌మన్ చెప్పినదానిలోనూ ఉంది.

నమ్మకం, కోరిక, సంకల్పం అనే ఈ మూడింటినీ సూత్రాల్లో పెట్టే పని 1990 ప్రాంతంలో జోరందుకుంది. ఫిలిప్ కోహెన్, హెక్టర్ లెవెక్ 1990లో సంకల్పానికి తర్కంలో ఒక నిర్వచనం ఇచ్చారు. పని నెరవేరిందని తెలిస్తే, లేదా ఇక నెరవేరదని తెలిస్తే, లేదా అసలు కారణమే పోతే సంకల్పం విడిచిపెట్టవచ్చు. అంతవరకు పట్టుకుని ఉండాలి. వారు ఎత్తుకున్న చిక్కుల్లో పంటి వైద్యుడి ఉదాహరణ ఒకటి. పంటి వైద్యానికి వెళ్ళేవాడికి నొప్పి పుడుతుందని తెలుసు. అయినా నొప్పి పుట్టాలని అతను సంకల్పించుకోలేదు. నొప్పి లేకుండా పని జరిగిపోతే, నొప్పి ఏదీ అని వైద్యుణ్ణి నిలదీయడు. ఒక పని ఫలితం ముందే తెలిసినంత మాత్రాన అది మన ఉద్దేశం కాదు. ఈ చిన్న తేడాను సూత్రంలో పట్టుకోవడానికి పెద్ద పెద్ద తర్కవేత్తలు తలలు పట్టుకున్నారు.

1991లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి ఆనంద్ రావు, మైకేల్ జార్జెఫ్ దీనికి ఇంకో రూపం ఇచ్చారు. భవిష్యత్తును కొమ్మలు వేసే చెట్టులా ఊహించారు. ఏ కొమ్మ పట్టుకోవాలన్నది ఏజెంటు చేతిలో ఉంది. పట్టుదలలో కూడా మూడు రకాలు చూపించారు. నెరవేరిందని నమ్మేదాకా వదలనిది మొండి ఏజెంటు. సాధ్యం కాదని తెలిస్తే వదిలేది రెండోది. కోరికే మారిపోయినా వదలగలిగేది మూడోది. అదే సంవత్సరం డేవిడ్ కిన్నీ, జార్జెఫ్ ఒక ప్రయోగం చేశారు. గళ్ళపట్టీ లాంటి కృత్రిమ ప్రపంచంలో ఏజెంట్లను వదిలి, ఆ ప్రపంచం మారే వేగాన్ని పెంచుతూ పోయారు. లోకం నెమ్మదిగా మారేటప్పుడు అనుకున్నది వదలకుండా చేసుకుపోయే ఏజెంటు ముందుంది. లోకం వేగంగా మారేటప్పుడు ఆగి ఆగి సరిచూసుకునే ఏజెంటు మెరుగ్గా నిలిచింది. మన పెద్దలు అనుభవంతో చెప్పే మాటే ఇది. యంత్రంతో కొలిచి చూపించడం మాత్రం కొత్త.

ఈ పద్ధతిలో కట్టిన ఒయాసిస్ అనే వ్యవస్థను సిడ్నీ విమానాశ్రయంలో పరీక్షించారు. దిగడానికి వచ్చే ఒక్కో విమానానికి ఒక్కో ఏజెంటు ఉంటుంది. ఏది ముందు దిగాలో క్రమం కుదిర్చే ఏజెంటు వేరే ఉంటుంది. దీన్ని వివరిస్తూ 1995లో రాసిన పత్రంలో రావు, జార్జెఫ్ ఒక సంగతి దాచకుండా చెప్పారు. కాగితం మీది తర్కాన్ని పూర్తిగా యంత్రంలో నడిపిస్తే అది సమయానికి జవాబు చెప్పలేదు. అందుకని నడిచే ప్రోగ్రాములో చాలా సరళం చేసుకోవలసి వచ్చింది. అంటే తర్కం ఇక్కడ ఇంజను కాదు, కొలబద్ద అన్నమాట. అప్పటికే మసాచుసెట్స్‌లో రాడ్నీ బ్రూక్స్ లాంటివారు అసలు తర్కమే అక్కరలేదు, పురుగులా చుట్టూ ఉన్నదానికి స్పందిస్తే చాలని రోబోలు చేసి చూపిస్తున్నారు. ఆ విమర్శ కూడా చాలావరకు న్యాయమైనదే.

మరి ఇంత శ్రమపడి మిగిలిందేమిటి? దీనికి జవాబు అంతరిక్షంలో దొరికింది. 1998 అక్టోబరులో అమెరికా డీప్ స్పేస్ వన్ అనే నౌకను పంపింది. 1999 మే నెలలో కొద్దిరోజులపాటు దాని పగ్గాలు రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రాముకు అప్పగించారు. పథకం వేసే భాగం ఒకటి, అమలు చేసే భాగం ఒకటి, ఏ పరికరం చెడిందో తర్కంతో కనిపెట్టే భాగం ఒకటి అందులో ఉన్నాయి. మే 17న పని మొదలైంది. మరునాడు ఇంజను ఆపవలసిన సమయానికి ఆపలేదు. ప్రోగ్రాములో ఒక భాగం ఎప్పటికీ రాని సంకేతం కోసం ఎదురుచూస్తూ నిలిచిపోయింది. ఉత్తరం వచ్చిందా అని పెట్టె తెరిచి చూసి, రాలేదని గుమ్మంలో కూర్చునేలోపే పోస్ట్‌మన్ వచ్చి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో, ఇదీ అలాంటిదే.

ఆశ్చర్యమేమిటంటే ఇదే రకం లోపాన్ని 1997లోనే తర్కం పట్టుకుంది. నాసాకు చెందిన ఏమ్స్ పరిశోధన కేంద్రంలో క్లాస్ హావెలుండ్, ఆయన సహచరులు ఆ ప్రోగ్రాములో ఒక భాగాన్ని స్పిన్ అనే సాధనంతో పరీక్షించారు. రెండు పనులు కలిసి నడిచేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక జరగవచ్చో ఆ అవకాశాలన్నింటినీ ఒక్కటీ వదలకుండా ఆ సాధనం తరచి చూస్తుంది. అప్పుడు అయిదు లోపాలు బయటపడ్డాయి. నౌకలో ఎదురైన లోపం వాటిలో ఒకదానికి తోబుట్టువు. అయితే అది తర్కంతో పరీక్షించని వేరే భాగంలో దాక్కుని ఉంది. మామూలు పరీక్షలు ఎన్ని చేసినా అది కనిపించలేదు. మే 21న రెండో విడత నడిపించి ప్రయోగాన్ని పూర్తిచేశారు. పరీక్షించినచోట తర్కం కాపాడింది, పరీక్షించనిచోట లోపం కాచుకుని కూర్చుంది.

ఈ కథ నుంచి మనం గ్రహించవలసింది ఇదే. యంత్రానికి నిర్ణయశక్తి ఇవ్వడానికి తర్కం ఒక్కటే చాలలేదు. ఆ నిర్ణయాన్ని నిలదీయడానికి, ముందుగా సరిచూడడానికి మాత్రం తర్కానికి సాటివచ్చేది ఇంకా దొరకలేదు. ఇప్పుడు కోట్ల కొద్దీ వాక్యాలు చదివి నేర్చుకున్న భాషా నమూనాలతో కొత్త తరం ఏజెంట్లు వచ్చాయి. అవి ఉత్తరాలు రాస్తాయి, టికెట్లు కొంటాయి, దరఖాస్తులు వడపోస్తాయి. మెకార్తీ కలగన్న లోకజ్ఞానం చాలావరకు వాటికి అబ్బింది. కానీ అడిగినప్పుడు అవి చెప్పే కారణమే నిర్ణయం వెనుక ఉన్న అసలు కారణమని నమ్మడానికి వీల్లేదు. అన్నంభట్టు మాటల్లో చెప్పుకోవాలంటే, వాటికి స్వార్థానుమానం వచ్చింది, పరార్థానుమానం ఇంకా కుదరలేదు.

రుణం ఇవ్వాలా వద్దా, పింఛను ఇవ్వాలా వద్దా, ఫలానా కుర్రాడి దరఖాస్తు ముందుకు పంపాలా వద్దా అన్నది రేపు ఒక ఏజెంటు తేల్చవచ్చు. తేల్చనివ్వండి. మండీలో రైతు అడిగిన ప్రశ్న అడిగే హక్కు మాత్రం మనం వదులుకోకూడదు. "ఎందుకయ్యా?" అంటే అయిదు మెట్లూ ఎక్కి చూపించాలి. చూపించలేని ఏజెంటు ఎంత తెలివైనదైనా, దానికి మన సరుకు అప్పగించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.